ఎవరి తెడ్డు వారిదే

మన ఇళ్లల్లో విహారయాత్ర అంటే ఇద్దరి పని, పదిమంది సరదా. టికెట్లు ఒకరు కొంటారు. పులిహోర ఒకరు కలుపుతారు. పిల్లల స్వెట్టర్లు, పెద్దాయన మాత్రలు, ఘాట్ రోడ్డులో కడుపు తిప్పుతుందని నిమ్మకాయలు, అన్నీ ఒక్కరికే గుర్తుండాలి. మిగతావాళ్లు వస్తారు. వచ్చి కిటికీ పక్క సీటు అడుగుతారు. ఊటీకి వెళ్లినా అరకుకు వెళ్లినా ఈ ఏర్పాటు మారదు.

కార్తీక వనభోజనాల్లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఉసిరి చెట్టు నీడన విస్తరి ముందు కూర్చున్నవాళ్లు గాలి ఎంత హాయిగా ఉందో చెప్పుకుంటారు. మూడు రాళ్లు పేర్చి, ఆరని కట్టెల పొగకు కళ్లు నలుపుకుంటూ చారు కాచేవాళ్లకు ఆ గాలి ఎటు వీస్తోందన్నదే లెక్క, మంట ఆరిపోతుందేమోనని. నేను చాలా ఏళ్లు ఈ రెండో జట్టులో ఉన్నాను. చూసిన ఊళ్లు తక్కువేం కాదు. కానీ ఏ ఊరు తలుచుకున్నా ముందు గుర్తొచ్చేది అక్కడ ఉప్పు చాలని కూరో, మూత ఊడి సంచంతా కారిన పచ్చడి సీసానో.

యాభై దాటాక హైదరాబాద్‌లో ఒక నడక క్లబ్బులో చేరాను. క్లబ్బంటే ఆఫీసు, బోర్డు ఉండవు. వాట్సాప్‌లో ఒక గ్రూపు. ఆదివారం ఫలానా గుట్ట అని వారం మధ్యలో కబురొస్తుంది. దాని కింద ఒక పట్టీ: రెండు లీటర్ల నీళ్లు, టోపీ, జారని బూట్లు, ఎవరి తిండి వాళ్లు, ఎవరి పళ్లెం వాళ్లు, ఎవరి చెత్త వేసుకోవడానికి వాళ్లకో కవరు. బస్సు ఖర్చు వచ్చినవాళ్లందరికీ సమానం. అందరి కోసమని ఒకరు తేవలసిన వస్తువు ఆ పట్టీలో ఒక్కటీ లేదు. మొదటిసారి చదివినప్పుడు వీళ్లకు మర్యాద తెలియదనుకున్నాను.

ఎక్కువగా వెళ్లేది అనంతగిరి గుట్టలకు. హైదరాబాద్‌కు పడమటగా సుమారు 80 కిలోమీటర్లు, వికారాబాద్ పక్కన. మన మూసీ పుట్టేది అక్కడే. నగరం లోపల మూసీని చూసి ముక్కు మూసుకునే అలవాటు ఉన్నవాళ్లకు, వానాకాలం తర్వాత ఆ గుట్టల్లో రాళ్ల మధ్య సన్నగా పారే నీటిని చూస్తే నమ్మబుద్ధి కాదు. తెల్లవారకముందే బస్సెక్కుతాం. వెలుతురొచ్చేసరికి తంగేడు పొదల మధ్య, మేకలు తొక్కి చేసిన బాటలో ఒకరి వెనక ఒకరం ఉంటాం.

ఆ వరసకు ఒక పద్ధతి ఉంది. ముందు నడిచే మనిషిని లీడ్ అంటారు. దారి చూడటం ఆ మనిషి పని. అందరికన్నా వెనక నడిచేవారు స్వీప్. తన వెనక ఎవరూ మిగలకుండా చూడటమే స్వీప్ ఉద్యోగం. ముందు నడవడానికి దారి తెలిస్తే చాలు. వెనక నడవడానికి మనుషులు తెలియాలి. ఎవరు మోకాలి నొప్పి దాచుకుంటున్నారు, ఎవరు మొహమాటపడి నీళ్లు తాగడం మానేశారు, ఎవరు నిజంగానే పూల ఫొటో తీస్తున్నారు, ఎవరు ఆయాసం తీర్చుకోవడానికి ఫోను పైకెత్తారు, ఇవన్నీ వెనకనుంచే కనిపిస్తాయి.

1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు కొండనడకకు ఒక లెక్క కట్టాడు. దారి మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కుడు ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట. ఇప్పటికీ చాలామంది ఆ లెక్కతోనే బయలుదేరుతారు. కానీ అది ఆరోగ్యంగా ఉన్న ఒంటరి మనిషి లెక్క. ఇరవైమంది నడిచేటప్పుడు ఆ ఇరవైమందిలో అందరికన్నా అరిగిన మోకాలు ఏదో దాని లెక్కే అందరి లెక్క. అలా కాదని ముందువాళ్లు తమ నడక తాము నడిస్తే మధ్యలో వరస తెగుతుంది. తెగిన చోటే దారులు చీలతాయి. తప్పిపోవడానికి పెద్ద అడవి అక్కర్లేదు, ఒక పొద అడ్డం ఉంటే చాలు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. అది నాకు ఎవరూ చెప్పలేదు, వెనక నడిచి తెలుసుకున్నాను. ముందువాళ్లు పది నిమిషాల ముందే పరుపు బండ మీదికి చేరి, కూర్చుని, నీళ్లు తాగి, ఫొటోలు దిగుతారు. వెనకవాళ్లు రొప్పుతూ చేరగానే, "హమ్మయ్య, అందరూ వచ్చారు, పదండి!" అని లేస్తారు. అంటే బాగా నడవగలిగినవాళ్లకు పది నిమిషాల విశ్రాంతి, నడవలేనివాళ్లకు ఒక్క నిమిషం కూడా లేదు. అందరికన్నా ఆకలైనవాణ్ణి ఆఖరి పంక్తిలో కూర్చోబెట్టి, వాడు అన్నం కలుపుకోగానే విస్తళ్లు తీయడం లాంటిది. పనిగట్టుకుని ఎవరూ చేసిన అన్యాయం కాదు. బాగా నడిచేవాళ్లు మంచివాళ్లే, ఆగారు కూడా. కానీ ఆగడం వేరు, ఆగినందువల్ల ఎవరికి ఉపయోగం కలిగిందో చూడటం వేరు.

మా క్లబ్బులో దీనికొక చిన్న నియమం పెట్టుకున్నారు. ఆఖరున వచ్చినవాళ్లు కూర్చుని, నీళ్లు తాగి, ఊపిరి తీసుకున్నాక, వాళ్లే "పదండి" అనాలి. అప్పుడే వరస కదులుతుంది. నా వయసువాళ్లకు ఈ అధికారం కొత్త. ఇంట్లో అందరూ తిన్నాక తిని, అందరూ పడుకున్నాక పడుకునేవాళ్లను "మీరు చెప్పండి, అప్పుడు లేద్దాం" అని కుర్రవాళ్లు అడిగితే మొదట్లో సిగ్గేస్తుంది. కూర్చోకుండానే "పదండి, పదండి" అనేస్తాం. దాన్ని మానుకోవడానికి కొండ ఎక్కడంకన్నా ఎక్కువ సాధన కావాలి.

నడుస్తూ మాట్లాడుకుంటాం. ఏం మాట్లాడుకుంటామో, ఏం మాట్లాడుకోమో రెండూ చెప్పాలి. మన వైపు ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే మూడో మాటకు ఊరు, అయిదో మాటకు ఇంటిపేరు, ఆ తర్వాత తెలియవలసింది తెలిసిపోతుంది. కార్తీక వనభోజనాలు కూడా ఇప్పుడు చాలాచోట్ల కుల సంఘాలవారీగా జరుగుతున్నాయి. ఏ తోటలో ఎవరు తింటున్నారో గేటు దగ్గర ఫ్లెక్సీ చెబుతుంది. గుట్ట మీద ఆ ప్రశ్నలు రావు. ఎవరూ నిషేధించలేదు, సందర్భం కుదరదంతే. వరసలో నా ముందు నడిచే అమ్మాయి గురించి నాకు తెలిసినవి ఇవి: దిగేటప్పుడు ఎడమ కాలు ముందు వేస్తుంది, వదులుగా ఉన్న రాయి తగిలితే వెనక్కి తిరిగి "ఇది కదులుతోంది" అని చెబుతుంది, ఖర్జూరాలు ఇష్టం. ఆమె ఇంటిపేరు తెలియదు. కానీ ఆమె చెప్పిన రాయి మీద కాలు పెట్టను. పరిచయం అంటే ఇంతకుమించి ఏం కావాలో ఇంటిపేరు అడిగేవాళ్లే చెప్పాలి.

అనంతగిరి దిగి కొంతదూరం వెళితే కోట్‌పల్లి జలాశయం. అక్కడ కయాక్‌లు ఉంటాయి. ఆ పని చూసుకునేది చుట్టుపక్కల ఊళ్ల కుర్రవాళ్లు. మధ్యాహ్నమైతే గాలి లేచి నీళ్లు కదులుతాయి కాబట్టి పొద్దున్నే వెళ్లాలి.

పడవ మనకు కొత్త కాదు. కృష్ణలో పుట్టి ఎక్కాం, గోదావరిలో లాంచీ ఎక్కాం, కొల్లేటి పల్లెల్లో తాటి దోనెలు చూశాం. కానీ ఎప్పుడెక్కినా ప్రయాణికులుగానే ఎక్కాం. గడ వేసేదీ తెడ్డు తిప్పేదీ ఒక మనిషి, ఆ మనిషి వీపు చూస్తూ ఒడ్డు చేరేది మనం. కయాక్ వేరే జాతి. దాన్ని తయారు చేసుకున్నది ఉత్తర ధ్రువం దగ్గరి ఇన్యూట్ వేటగాళ్లు. చట్రానికి సీల్ చర్మం బిగించి, ఒక మనిషి నడుము వరకు దూరేంత సందు వదిలి, రెండు కొసలా రెక్క ఉన్న తెడ్డుతో నడిపేవారు. వేటగాడికి పనికొచ్చే పడవలో ఊరికే కూర్చునేవాడికి చోటు పెట్టలేదు. ఇప్పుడు ప్లాస్టిక్‌వి వచ్చినా, ఇద్దరు కూర్చునేవి వచ్చినా, ఆ గుణం పోలేదు. అందులో ప్రయాణికుడి సీటు లేదు.

ఇద్దరి కయాక్‌లో ముందు కూర్చున్నవారు లయ పెడతారు. వెనక కూర్చున్నవారు ఆ లయను అందుకుంటూ దిక్కు చూస్తారు. ముందున్నవారికి వెనకవారు కనిపించరు. వెనకవారికి దారి సగం ముందువారి భుజాలు మూసేస్తాయి. ఇద్దరూ ఒకేసారి కుడివైపు వేస్తే పడవ ఎడమకు తిరుగుతుంది. ఒకరు కుడి, ఒకరు ఎడమ వేస్తే తెడ్లు కొట్టుకుంటాయి. పక్కనుంచి గాలి వీస్తే పడవ తనంతట తానే ముక్కు గాలి వైపు తిప్పుకుంటుంది. తప్పు ఎదుటివాళ్లదని ఇద్దరూ అనుకుంటారు. ఇంగ్లిష్ దేశాల్లో ఈ రెండు సీట్ల పడవకు విడాకుల పడవ అని సరదా పేరు ఉందట. పెట్టినవాళ్లు అనుభవజ్ఞులే అయ్యుంటారు.

నన్ను మొదటిసారి ఎక్కించిన కుర్రవాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. లైఫ్ జాకెట్ పట్టీలు లాగి చూసి, నేను తెడ్డును రోకలిలా బిగించి పట్టుకోవడం గమనించి, "మేడమ్, అంత గట్టిగ పట్టుకుంటే పడవ మీ మాట ఇనదు" అన్నాడు. చేతుల బలంతో కాదు, నడుము తిప్పి వెయ్యమన్నాడు. పిడికిలి వదులు చేశాక నిజంగానే పడవ సాగింది. నా వెనక కూర్చున్నది బ్యాంకులో పనిచేసే పిల్ల. నీళ్ల మధ్యలోకి వెళ్లాక, "మేడమ్, మీరు మీ ఇష్టమొచ్చినంత మెల్లగా వెయ్యండి, నేను కలుపుకుంటాను" అంది. కలుపుకోవడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఆమెకు నాకన్నా బలం ఉంది. నా బదులు కూడా తనే వేసి, నన్ను కూర్చోబెట్టి ఒడ్డుకు చేర్చగలదు. అలా చేయలేదు. తన బలాన్ని నా లయకు తగ్గించుకుంది. సాయం అనగానే మనకు మొదటి పద్ధతే గుర్తొస్తుంది, పని లాక్కుని చేసిపెట్టడం. ముసలివాళ్లను, పిల్లలను, ఒక్కోసారి భార్యలను మనం ప్రేమతో ప్రయాణికులుగా మార్చేది అలాగే.

రెండో పద్ధతి భువనగిరిలో కూడా కనిపిస్తుంది. అక్కడి కోట గుట్ట మీద తాళ్లతో బండలెక్కడం నేర్పుతారు. ఆరో విక్రమాదిత్యుడనే చాళుక్య రాజు బిరుదు త్రిభువనమల్లుడు. ఊరి పేరు ఆయన మీదుగా వచ్చిందంటారు. ఆ గుట్ట దాదాపు 500 అడుగుల ఎత్తున్న ఏకశిల. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఆమె తోటి విద్యార్థి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. గురుకుల పాఠశాలల నుంచి వచ్చిన ఆ పిల్లలు తొలి పాఠాలు నేర్చుకున్నది ఈ బండ మీదే. అక్కడ శిక్షణ చూస్తే ఒక సంగతి ఆకట్టుకుంటుంది. పైకి ఎక్కుతున్న పిల్ల నడుముకు తాడు ఉంటుంది. కింద ఇంకో పిల్ల ఆ తాడు పట్టుకుని, పైనున్న అమ్మాయి పాదాలమీంచి చూపు తిప్పకుండా నిలబడుతుంది. తాడు లాగి పైకి ఎక్కించదు. జారితే మాత్రం ఆపుతుంది. కాసేపటికి వంతులు మారతాయి. ఎక్కినవాళ్లందరూ తాడు పట్టినవాళ్లే.

ఇలాంటి క్లబ్బుల చరిత్ర చూస్తే మొదట్లో అవి కూడా మన విహారయాత్రల్లాగే నడిచాయనిపిస్తుంది. 1857లో లండన్‌లో ఆల్పైన్ క్లబ్ పుట్టింది. ఆ పెద్దమనుషులు ఆల్ప్స్ ఎక్కింది నిజమే. కానీ ముందు నడిచి, గొడ్డళ్లతో మంచులో మెట్లు చెక్కినవాళ్లు చాలాసార్లు ఆ కొండల కింది పల్లెల గైడ్లు. ఆడవాళ్లకు అందులో ప్రవేశం లేకపోతే 1907లో వాళ్లు వేరే లేడీస్ ఆల్పైన్ క్లబ్ పెట్టుకున్నారు. రెండూ కలిసింది 1975లో. అమెరికాలో 1892లో మొదలైన సియెరా క్లబ్ 1901 నుంచి సభ్యులను గుంపులుగా కొండల్లోకి తీసుకెళ్లింది. వెంట కంచర గాడిదలు, వంటవాళ్లు వెళ్లేవారు. ఎవరి సంచి వాళ్లే మోసే పద్ధతి తర్వాతి రోజుల్లో బలపడింది.

అంతకన్నా ముందుకు వెళ్లిన పద్ధతి ఒకటుంది. మా చెల్లెలి కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడ ఒక స్థానిక క్లబ్బుతో ఒక వారం కొండకు, ఒక వారం డెలావేర్ నది మీద పడవకు వెళతాడు. వాళ్ల రాష్ట్రంలోంచి వెళ్లే అపలేచియన్ ట్రెయిల్ 14 రాష్ట్రాల గుండా సుమారు 3,500 కిలోమీటర్లు సాగుతుంది. 1921లో బెంటన్ మకై అనే ఆయన ఆలోచన. 1937కు ఆ చివర నుంచి ఈ చివరకు దారి పూర్తయింది. దారి పొడవునా చెట్ల మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు ఉన్న తెల్లరంగు గుర్తులుంటాయి. ఆ రంగు వేసేదీ, గాలివానకు పడ్డ చెట్లు తొలగించేదీ, కోసుకుపోయిన చోట రాళ్లు పేర్చేదీ ఎక్కువగా జీతంలేని క్లబ్బు సభ్యులే. మావాడు కూడా కొన్ని శనివారాలు కొమ్మలు నరికే కత్తెర పట్టుకుని పోతాడు. ఇక్కడ ఇంట్లో పెరటి గడ్డి పీకమంటే పారిపోయినవాడు. నడిచేవాళ్లే దారి మరమ్మతు చేయడం నాకు న్యాయంగా తోచింది. దారికి కూడా మనం ప్రయాణికులం కాకూడదు కదా.

ఇలా చెప్పుకుంటూ పోతే మా క్లబ్బులో ప్రయాణికులే లేరన్నంత గర్వం వస్తుంది. ఆ గర్వానికి బస్సు దగ్గర తెర పడుతుంది. మేము బయలుదేరడానికి గంట ముందు లేచి బస్సు తెచ్చిన డ్రైవరు ఒకాయన ఉన్నాడు. మేము గుట్ట ఎక్కి దిగేదాకా సీట్ల మధ్య తువ్వాలు పరచుకుని పడుకుంటాడు. ఒకసారి ఆయన్నీ రమ్మని పిలిచాం. నవ్వి, "నేనెక్కని గుట్టనా మేడమ్? చిన్నప్పుడు మేకలు కాసినోణ్ణే" అన్నాడు. నిద్ర చాలక పడుకున్నాడు తప్ప, మేము పెద్ద దయ చేస్తున్నట్టు పిలిచిన సాహసం ఆయనకు బడి ఎగ్గొట్టిన రోజుల్లోనే అయిపోయింది. మేము "కనిపెట్టిన" బాటలు కూడా అలాంటివే. సీతాఫలాల కోసం, కట్టెల కోసం, తప్పిపోయిన మేక కోసం నడిచినవాళ్లు వేసినవి. కోట్‌పల్లిలో మేము దిగిపోయాక తడి పడవలను ఒడ్డుకు లాగి బోర్లించేది ఆ కుర్రవాళ్లే. ఎవరి బరువు వాళ్లు మోశామని మేమనుకునేది మా ఇరవైమంది మధ్య లెక్క. ఆ లెక్కకు బయట ఇంకా చాలామంది మమ్మల్ని మోస్తున్నారు. అందుకు నడక మానక్కర్లేదు. డ్రైవరుకు నిద్రపోయే టైము దొరికేలా తిరుగు ప్రయాణం పెట్టుకోవచ్చు, పడవలు లాగడానికి ఒక చెయ్యి వెయ్యవచ్చు, మేకల బాటకు మన పేరు పెట్టకుండా ఉండవచ్చు.

ఎవరి పని వాళ్లే చేసుకోవాలన్నది నా వాదం కాదు. అలాంటి లోకం చల్లగా, మనుషులు లేనట్టుగా ఉంటుంది. నాకు తెలిసింది వేరే. ఒకరే మోసే చోట సాయం కనిపించదు. ఇంట్లో నేను కాచిన చారుకు నలభై ఏళ్లలో ఎవరూ కృతజ్ఞత చెప్పలేదు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, చారు దానంతట అదే వస్తుందని అనుకున్నారు. ఎవరి సంచి వాళ్ల భుజాన ఉన్న గుట్ట మీద, నిటారు బండ దగ్గర ఎవరో నా సంచి ఒక్క అయిదు నిమిషాలు అందుకుంటే అది అందరికీ కనిపిస్తుంది. నాకు కనిపిస్తుంది, తీసుకున్న మనిషికి కనిపిస్తుంది. పైకి చేరాక సంచి తిరిగి నా భుజానికి వస్తుంది. అప్పు లేదు, సేవ లేదు. ఇద్దరు మనుషుల మధ్య ఒక పని జరిగింది.

ఈ మధ్య కొత్తగా చేరిన ఒకావిడ ముందురోజు రాత్రి ఫోను చేశారు. నా ఈడుదే. "ఎంతమంది వస్తున్నారండీ? పులిహోర ఎంత కలపమంటారు?" అని అడిగారు. మీకు సరిపడా తెచ్చుకోండి చాలన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "అంతేనా? మరి మిగతావాళ్లు?" అన్నారు. మిగతావాళ్లు వాళ్ల తిండి తెచ్చుకుంటారని చెప్పాను. సరేనన్నారు. పొద్దున్న బస్సు దగ్గరికి మాత్రం ఇరవైమందికి సరిపడా పులిహోర డబ్బాతోనే వచ్చారు. గుట్ట మీద అందరం తిన్నాం, ఇంగువ ఘుమఘుమలాడుతూ చాలా బాగుంది. డబ్బా మాత్రం ఆవిడకు తిరిగి ఇచ్చేముందు తిన్నవాళ్లే కడిగారు.